ఒక్క ‘ఉరఫ్’ రాయలేక

పింఛను తీసుకునే నాబోటివాళ్ళు ఏటా ఒకసారి తాము ఇంకా బతికే ఉన్నామని సర్కారుకు రుజువు చూపించుకోవాలన్న సంగతి మీలో చాలామందికి అనుభవమే. మొన్న నేనూ ఆ పని మీదే సిద్దిపేట పాత బస్టాండు దగ్గరున్న ఆన్‌లైన్ సెంటరుకు వెళ్ళాను. అక్కడ కూర్చునే అమ్మాయి మా గల్లీలోనే మూడిళ్ళ అవతల ఉంటుంది, పొద్దున్నే పాలప్యాకెట్టుకు వెళ్ళేటప్పుడు రోజూ ఎదురుపడుతుంది. నా కుడిచేతి వేళ్ళు ఐదూ, ఎడమచేతి వేళ్ళు ఐదూ ఒకటి తర్వాత ఒకటి ఆ చిన్న మిషను మీద పెట్టించింది. తడిబట్టతో తుడిచి పెట్టించింది, కొంచెం నూనె రాసి పెట్టించింది. ఏ వేలు పెట్టినా ఎర్ర దీపమే వెలిగింది. ముప్ఫై ఐదేళ్ళు కాగితాలు తిప్పిన వేళ్ళు కదా, గీతలన్నీ ఆ కాగితాలకే అంటుకుపోయి ఉంటాయి. చివరికి ఆ అమ్మాయి నొచ్చుకుంటూ, “తాతా, మీరు మీరేనని నాకెరుకే గదా, రోజు సూస్తనే ఉంట. గని గీ మిషన్ ఒప్పుకుంట లేదు, నేనేం జెయ్యాలె?” అంది.

తర్వాత ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకుని కళ్ళు మూసి తెరవమంది, అటు ఇటు తల తిప్పమంది, ఎట్లాగో పని అయింది. “అయిపోయింది తాతా, మీరు బతికే ఉన్నరు!” అని ఆమె అనగానే వరసలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. కోమటి చెరువు కట్ట మీదికి వెళ్ళి ఒక బెంచీ మీద కూర్చుంటే పొద్దెక్కి ఎండ నెత్తిన పడేదాకా లేవలేకపోయాను. ఎందుకంటే ఆ అమ్మాయి అన్న మాటే, దాదాపు అవే అక్షరాలతో, నేనూ ఒకప్పుడు ఒక మనిషితో అన్నాను. ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు. నా చేతిలో ఆనాడు కలం ఉంది.

ఆ రోజుల్లో నేను సిద్దిపేటలోనే ఒక సర్కారు ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. ఏ ఆఫీసో చెప్పడం అనవసరం, ఇప్పుడు ఆ భవనమూ లేదు, ఆ శాఖ పేరూ మారిపోయింది. నా పనేమిటంటే, చిన్న చిన్న నౌకరీలకు ఎంపికైనవాళ్ళు తెచ్చిన కాగితాలు అసలువో కావో, తెచ్చిన మనిషీ కాగితంలోని మనిషీ ఒకరో కాదో సరిచూసి నోటు పెట్టడం. జిరాక్సు మిషన్లు ఊరికొకటి కూడా లేని కాలం. సర్టిఫికెట్టును టైపు కొట్టించి, కింద ‘అసలుతో సరిచూడబడినది’ అని ఒక గెజిటెడ్ ఆఫీసరు చేత ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించుకోవడానికి జనం హైస్కూలు హెడ్మాస్టర్ల ఇళ్ళ ముందూ, దవాఖాన డాక్టర్ల గదుల ముందూ గంటల తరబడి నిలబడేవారు. మన తరంవాళ్ళకు ఆ ఆకుపచ్చ సంతకం విలువ ఏమిటో నేను చెప్పనక్కర లేదు. నేను ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూసేవాణ్ణి, సీలు చుట్టూ గుండ్రంగా తిరిగే అక్షరాలను ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివేవాణ్ణి, సిరా పాతదో నిన్న మొన్నటిదో వేలితో రుద్ది చూసేవాణ్ణి. ఒకసారి ఒకాయన తెచ్చిన సర్టిఫికెట్టు సీలులో ఊరి పేరుకు ఒక దీర్ఘం తక్కువగా ఉండటం పట్టేశాను, విచారిస్తే అది దొంగ సీలని తేలింది. మా సూపరింటెండెంటు అందరి ముందూ నా భుజం తట్టి “వీని కండ్లల్ల కెమెరా ఉన్నదయ్యా” అన్నాడు. ఇరవై ఐదేళ్ళు నిండనివాడికి ఆ మాట ఎంత ఎక్కుతుందో ఊహించుకోండి. అప్పటినుంచి ఏ కాగితమైనా నా బల్ల మీదికే వచ్చేది, నేనూ ప్రతి మనిషినీ దొంగసీలు వేసుకొచ్చినవాణ్ణి చూసినట్టే చూడటం మొదలుపెట్టాను.

ఆ ఏడాదే మరొకటి జరిగింది. నా పక్క బల్ల గుమాస్తా తన బామ్మర్ది తెచ్చిన తప్పుడు కాగితానికి కళ్ళు మూసుకుని సరే అని రాసి దొరికిపోయాడు, సస్పెండయ్యాడు. ఆయన కుర్చీని ఎవరో గోడవైపు తిప్పి పెట్టారు, నెలల తరబడి అది అట్లాగే ఉండిపోయింది. నా నౌకరి ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ కుర్చీని చూసినప్పుడల్లా నా ముందున్న కాగితాన్ని ఇంకోసారి మొదటినుంచి చదివేవాణ్ణి. ఇవన్నీ సాకులు చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆనాటి నా మనసు ఎట్లా ఉండిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

ఇక మా అక్క సంగతి. అక్క అంటే తోడబుట్టింది కాదు, మా పెద్దనాయిన ఒక్కగానొక్క బిడ్డ, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. బెజ్జంకికి నాలుగు మైళ్ళ దూరంలో మాది చిన్న పల్లె. పెద్దనాయినా మా బాపూ ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని బతికారు. మా అమ్మ నాట్లకూ కలుపులకూ పోతే నన్ను చంకనేసుకుని బడికి తీసుకుపోయింది అక్కే. తన పక్కన గోనెతట్టు మీద కూర్చోబెట్టుకుని, పంతులు చూడకుండా నా చూపుడువేలు పట్టుకుని దుమ్ములో అక్షరాలు దిద్దించింది. అంటే నేను బడిలో పేరు రాయించుకోక ముందే చదువు నేర్చుకున్నాను, అదీ ఆమె చేత. ఒక ఏడు సీతాఫలాల కాలంలో గుట్ట మీద కాయల కోసం నేను విసిరిన రాయి వెళ్ళి అక్క కుడి కనుబొమ్మకు తగిలింది. రక్తం చెంప మీదుగా కారి రవికె తడిసింది. నేను ఏడుస్తూ నిలబడితే ఆమె కొంగుతో అదిమిపట్టుకుని నన్నే ఊరుకోబెట్టింది, ఇంటికి వెళ్ళి బాయి మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. మా బాపు చేతి దెబ్బ ఎట్లాంటిదో ఆమెకు తెలుసు. ఆ తర్వాత ఏడో తరగతి పాసై టీసీ తీసుకునేటప్పుడు, పుట్టుమచ్చల గడిలో రెండు గుర్తులు రాయాలి కదా, పంతులు ఎంత వెతికినా మోచేతి మీద ఒక్క మచ్చే కనిపించిందట. రెండోదిగా ‘కుడి కనుబొమ్మపై గాయపు మచ్చ’ అని రాశాడు. ఆ విధంగా నా రాయి సర్కారు కాగితంలోకి ఎక్కింది.

అక్కకు పెద్దనాయిన పెట్టిన పేరు సత్తమ్మ. దుబ్బాకలో మగ్గం నేసేవాళ్ళింటికి కోడలిగా ఇచ్చారు. తీరా వెళ్ళాక తేలిందేమంటే, అత్త పేరూ సత్తమ్మే. ఇంట్లో ఎవరైనా కోడల్ని గదిమితే అత్తను గదిమినట్టవుతుందని, పెళ్ళయిన వారంలోనే ఆమెకు పద్మ అని పేరు మార్చేశారు. ఆ రోజుల్లో అదేమీ వింత కాదు, మీ ఇళ్ళల్లోనూ అట్లా పేర్లు మారిన ఆడవాళ్ళు ఉండే ఉంటారు. దుబ్బాకలో రేషన్ కార్డుకూ, ఓటర్ల లిస్టుకూ ఆమె పద్మ అయింది. పుట్టింటికి వచ్చినప్పుడు నవ్వుతూ, “గాడ పద్మను, గీడ సత్తవ్వను, నడుమల సిద్దిపేట బస్సుల ఎవ్వల్నో నాకే తెల్వది” అనేది. అందరం పడీపడీ నవ్వేవాళ్ళం.

మగ్గానికి కండెలు చుట్టుకుంటూ, టవళ్ళకు అంచులు ముడివేసుకుంటూనే ఆమె చదువు మరిచిపోలేదు. వాడలోని పిల్లల్ని పొద్దుటిపూట అరుగు మీద కూర్చోబెట్టుకుని పాటలు చెప్పేది, పలకల మీద దిద్దించేది. అందుకే వాళ్ళ వాడకు బాలవాడి, అంటే బడి ఈడు రాని పిల్లల బడి, వచ్చినప్పుడు, ఆ ఊళ్ళో ఏడో తరగతి పాసైన ఆడవాళ్ళెవరని అడిగితే అందరూ ఆమెనే చూపించారు. టీచరుగా ఎంపికైంది. కాగితాలు పరీక్షకు మా ఆఫీసుకు వచ్చాయి. మా అక్క కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయన్నమాట.

ఒక పొద్దుటిపూట ఆఫీసు తెరిచీ తెరవకముందే ఆమె వచ్చింది. నేత చీర, మడతపెట్టిన గుడ్డసంచి, ముఖం నిండా వెలుగు. “నీ టేబుల్ మీదికే అచ్చినయంట గదా తమ్మీ, ఇగ నాకేం ఫికర్ లేదు” అంటూ నా ఎదురుగా నిలబడింది. నేను కాగితాలు విప్పి చూశాను. టీసీలో సత్తమ్మ, మా ఇంటిపేరు, పెద్దనాయిన పేరు. రేషన్ కార్డులో పద్మ, వేరే ఇంటిపేరు, భర్త పేరు. రెంటినీ కలిపే కాగితం ఒక్కటీ లేదు. నేను గొంతు తగ్గించి, “నువ్వు నువ్వేనని నాకెర్కే అక్కా. గని కాగితం ఒప్పుకోవాలె గదా” అన్నాను. ఆమె దాన్ని పరాచికమనుకుంది. నవ్వుతూ నెత్తి మీది కొంగు వెనక్కి జరిపి, వెంట్రుకలు పైకి తోసి, ముఖం నా వైపు వంచి, “గీ మచ్చ రాసి ఉన్నది సూడు గాన్ల. గిది ఎవ్వలు జేసిన్రో నీకెర్క లేదా? ఇంతకన్న ఏం రుజువు గావాలెరా?” అంది. గలగలా మాట్లాడే మనిషి, గొంతు గది అంతా వినిపించింది.

సూపరింటెండెంటు తన బల్ల దగ్గరినుంచి లేచి వచ్చాడు. కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు, నన్ను చూశాడు, ఆమెను చూశాడు. “ఇంటిపేరు నీదే ఉన్నదేందయ్యా? ఈమె నీకేమైతది?” అని అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆ క్షణాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నానో చెప్పలేను. ఆయన అడగడంలో అనుమానం కూడా లేదేమో. అక్క అవుతుందని చెబితే, అయితే ఆ ఫైలు ఇంకొకరికి ఇయ్యి అనేవాడు, అంతే కదా. కానీ నా కళ్ళు గోడవైపు తిరిగి ఉన్న ఆ కుర్చీ మీదికి వెళ్ళాయి, నోట్లోనుంచి మాట దానంతటదే వచ్చేసింది.

“మా ఊరామె సార్. మా దిక్కు గీ ఇంటిపేరోల్లు శానమంది ఉంటరు.”

అక్క నవ్వు ఉన్నచోటనే ఆగిపోయింది. పైకి తోసిన వెంట్రుకలు మెల్లగా సర్దుకుంది, కొంగు మళ్ళీ నెత్తి మీదికి లాక్కుంది. సూపరింటెండెంటు వెళ్ళి కూర్చున్నాక, “మరి నేను పోదునా సారూ?” అని అడిగింది. ఆయనను అడుగుతోందనుకున్నాను. తల ఎత్తితే ఆమె చూస్తున్నది నన్ను.

నియమం ప్రకారం ముందు బడికి ఉత్తరం రాయాలి, రాశాను. అప్పట్లో మా పల్లె కరీంనగర్ జిల్లా కింద ఉండేది, సిద్దిపేట మెదక్ జిల్లా కింద. ఉత్తరం ఆ జిల్లా ఆఫీసుకు వెళ్ళి, అక్కడినుంచి బడికి వెళ్ళి, జవాబు అదే దారిన తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. ఆ సంవత్సరపు అడ్మిషన్ రిజిస్టరు వానకు తడిసి చదవడానికి వీల్లేకుండా ఉందని జవాబులో ఉంది. అప్పుడు చేయవలసింది ఒక్కటే. ఊరికి వెళ్ళి నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఈ సత్తమ్మా ఆ పద్మా ఒక్కరేనా అని అడిగి, వాళ్ళు చెప్పింది పంచనామాగా రాసుకుని రావడం. అంతకు ముందు వేరేవాళ్ళ విషయంలో రెండుమూడుసార్లు ఆ విధంగా రాయించినవాణ్ణే. మా ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ చెప్పడంతో ఆగుతారా? ‘మీ గుమాస్తా అక్కనే గదా సారూ, చంకల ఎత్తుకొని పెంచింది’ అని కూడా చెబుతారు. అప్పుడు ఆఫీసులో నేనాడిన అబద్ధం బయటపడుతుంది. ఒక్క మాట దాచుకోవడానికి ఇంకెన్ని దాచాలో ఆనాడు నాకు అర్థమైంది. విచారణ అవసరమని రాయలేదు. ‘పేర్లు వేరు వేరుగా ఉన్నవి. బడి రికార్డు లభ్యం కాలేదు. అభ్యర్థి గుర్తింపు రుజువు కాలేదు’ అని మూడు ముక్కలు రాసి, కింద సంతకం పెట్టి ఫైలు పైకి పంపించాను. చాలా గుండ్రటి దస్తూరి నాది. ఆ దస్తూరి ఎక్కడినుంచి వచ్చిందో మీకు ఇంతకు ముందే చెప్పాను.

నౌకరి లిస్టులో తర్వాత ఉన్నామెకు వెళ్ళింది. ఆమె మంచిదే, పిల్లల్ని బాగానే చూసుకుందని విన్నాను. అక్క మళ్ళీ కండెల దగ్గర కూర్చుంది. అరుగు మీది పిల్లలు బాలవాడికి వెళ్ళిపోయారు.

నేను భయపడింది ఏమిటంటే, అక్క ఊరికి వచ్చి మా బాపు ముందు నన్ను నిలబెట్టి కడిగేస్తుందని. ఆమె ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. పేర్ల తకరారుతో నౌకరి రాలేదని మాత్రం చెప్పిందట. “మనోడు ఆఫీసుల ఉండి గూడ ఏం జెయ్యలేకపోయె” అని మా బాపే నొచ్చుకుంటే, “ఆయన చేతిల ఏమున్నది చిన్నాయినా” అని ఆమే సర్దిచెప్పిందట. ‘ఆయన’ అన్నదని మా అమ్మ నాకు నవ్వుతూ చెప్పింది, ఆఫీసరువైతే అక్కకు కూడా ఆయనవైనవురా అని. మా అమ్మకు అది గౌరవంగా వినిపించింది. ఆ ఏడు రాఖీ పున్నమకు అక్క ఎప్పటిలాగే దుబ్బాకనుంచి వచ్చింది, మా తమ్ముడికి కట్టింది, వాకిట్లో పిల్లలందరికీ కట్టింది. నేను సిద్దిపేటనుంచి చేరేసరికి ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. నా రాఖీ మా అమ్మ చేతికి ఇచ్చి పోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. రాఖీ ఒక్క ఏడు తప్పలేదు, ఆమె చెయ్యి మాత్రం నా చేతికి మళ్ళీ తగల్లేదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడితే “మంచిగున్నరా? పిల్లలు మంచిగున్నరా?” అని పరాయివాళ్ళను పలకరించినట్టు మర్యాదగా పలకరించి పక్కకు వెళ్ళేది. ఆమె నోట ‘ఏందిరా తమ్మీ’ అన్న పిలుపు వినాలని నేనెంత కాచుకునేవాణ్ణో! ఎన్నోసార్లు దుబ్బాక బస్సెక్కి, ఆ వాడ మొగదాకా వెళ్ళి, ఏమని మొదలుపెట్టాలో తెలియక, టవళ్ళు కొనుక్కుని తిరిగొచ్చేవాణ్ణి. మా ఇంట్లో ఇప్పటికీ దుబ్బాక టవళ్ళకు కరువు లేదు. ఎందుకన్ని కొన్నావని మా ఆవిడ అడిగేది, మంచి నేత అని చెప్పేవాణ్ణి.

ప్రమోషన్లు వచ్చాయి, రిటైరయ్యాను, బాపు పోయాడు, పెద్దనాయినా పెద్దమ్మా అంతకు ముందే పోయారు. భూముల రికార్డులన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించి కొత్త పాసుబుక్కులు ఇస్తున్న రోజుల్లో, బాపు పేరు మీది చెలక భూమిని మా అన్నదమ్ముల పేరు మీదికి మార్పించుకోవడానికి వెళితే చిక్కు వచ్చిపడింది. పాత పహాణీ రికార్డులో ఆయన పేరు మల్లయ్య అని ఉంది, ఆధార్ కార్డులోనూ చావు సర్టిఫికెట్టులోనూ మల్లేశం అని ఉంది. ఇద్దరూ ఒక్కరేనని, మేము ఆయన కొడుకులమేనని చెప్పడానికి ఇంటిపెద్దలు ఇద్దరు వచ్చి సాక్ష్యం ఇవ్వాలన్నారు. మా బాపు తరంవాళ్ళలో దూరపు చుట్టం ముసలాయన ఒకడే మిగిలాడు. రెండో సాక్షి ఎవరని ఆలోచిస్తే మా తమ్ముడు వెంటనే “అక్క ఉన్నది గదా” అన్నాడు. వాడికి పాత సంగతేమీ తెలియదు. నేను వద్దు వద్దంటుండగానే ఫోను చేసేశాడు. మరునాడే వస్తానందట.

డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. దుబ్బాకనుంచి సిద్దిపేటకు ఒక బస్సు, అక్కడినుంచి బెజ్జంకికి ఇంకొకటి పట్టుకుని, పదింటికల్లా మండల ఆఫీసు వరండాలో మాకంటే ముందే కూర్చుని ఉంది. వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి, కనుబొమ్మ కూడా తెల్లబడింది, దాని మీది గీత మాత్రం అట్లాగే ఉంది. లోపల ఒక చిన్న వయసు ఆఫీసరు, మా పిల్లల ఈడువాడు, మర్యాదగా కూర్చోమన్నాడు. మల్లయ్యా మల్లేశం ఒక్కడేనా అని అడిగితే, “మా చిన్నాయిన సారూ. చిన్నప్పుడు మల్లిగాడు, జరంత పెద్దగైనంక మల్లయ్య, మనుమలు పుట్టినంక మల్లేశం” అంది. అందరం నవ్వాం. అప్పుడాయన నా వైపు చూపించి, “ఈయన మీకేమైతడమ్మా?” అని అడిగాడు.

నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను.

“నా తమ్ముడు. నేను ఎత్తుకొని పెంచిన పిల్లగాడు” అంది అక్క. తడబడలేదు, నా వైపు చూడనూ లేదు.

ఆఫీసరు ఆమె ఆధార్ కార్డు తీసుకున్నాడు. “మీ తమ్ముళ్ళు సత్తమ్మ అని రాసిన్రు, గీన్ల పద్మ అని ఉన్నదేందమ్మా?” అన్నాడు. అక్క శాంతంగా, “రెండు నేనే బిడ్డా. ఒకటి మా బాపు పెట్టిండు, ఒకటి మా అత్త పెట్టింది” అని చెప్పింది. ఆయన తల ఊపి, రెండో సాక్షి ముసలాయనను ఒక్క మాట అడిగి, సాక్ష్యం కాగితం మీద ‘సత్తమ్మ ఉరఫ్ పద్మ’ అని రాసి, ఇక్కడ సంతకం పెట్టమ్మా అని చూపించాడు. అంతే. అలియాస్ అని ఇప్పటివాళ్ళు అంటారు, మా కాలంలో ఉరఫ్ అనేవాళ్ళం. మూడక్షరాల మాట. ఆ మాటను నేను నా నౌకరీలో ఎంతమంది పేర్ల మధ్య రాయలేదు! భూముల ఫైళ్ళలో, కోర్టు కాగితాల్లో, ముక్కూమొహం తెలియనివాళ్ళ పేర్ల మధ్య చెయ్యి ఆగకుండా రాశాను. ఒక్క ఫైలులో మాత్రం రాయలేదు. ఆమె కళ్ళజోడు సవరించుకుని గుండ్రటి అక్షరాలతో, దుమ్ములో నాకు దిద్దించిన అక్షరాలతో, రెండు పేర్లూ రాసి సంతకం పెట్టింది.

పని అయ్యాక తమ్ముడు కాగితాల కోసం లోపలే ఆగాడు. నేను అక్కను బస్సెక్కించడానికి రోడ్డు మీదికి వచ్చాను. ఇద్దరం వేపచెట్టు నీడలో నిలబడ్డాం. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పుడూ అడగలేనని అనిపించి, “అక్కా, ఆనాడు ఆఫీసుల…” అని మొదలుపెట్టాను. ఆమే అందుకుంది. “నౌకరి పోయినందుకు నాకు రంధి లేదు. రాకుంటే రాకపాయె, బతకలేదా? గని మా ఊరామె అంటిరి సూడున్రి… బస్సుల కూసున్నంక గూడ గదే ఇనబడ్డది. గిప్పటికి ఎప్పుడన్న ఇనబడ్తది.” కోపంగా అనలేదు. మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పినట్టే చెప్పింది. తప్పయింది అక్కా అన్నాను. ఆమె విన్నదో లేదో, రోడ్డు మలుపు వైపు చూస్తూ ఉండింది. బస్సు వచ్చింది. మెట్టు ఎక్కలేకపోతే చెయ్యి అందించాను, పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, “పైలం, ఎండల నిలవడకున్రి” అంది.

ఆఫీసరు ముందు నన్ను తమ్ముణ్ణి చేసుకుంది. నాతో మాటల్లో మాత్రం చేసుకోలేదు, చివరిదాకా నన్ను ‘మీరు’గానే ఉంచింది. అది ఆమె ఇష్టం, నేను అడగదగినది కాదు. పోయిన వానాకాలంలో దుబ్బాకలోనే ఆమె పోయింది. కబురు అంది నేను చేరేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె నన్ను ఎవరని అడిగితే, తమ్ముణ్ణి అని చెప్పాను. ఆమెకు వినపడక మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను.

మా కాలమే మంచిదని నా ఈడువాళ్ళు అంటుంటే నేను చప్పుడు చేయకుండా కూర్చుంటాను. ఇప్పటి పిల్లలకు పుట్టిన దవాఖానలోనే ఒక పేరు, దానికొక నంబరు వస్తున్నాయి. పెళ్ళయినా పేరు మారడం లేదు, మార్చే అత్తలూ లేరు. ఫోనుకు వచ్చే నాలుగంకెలు చెబితే మనం మనమేనని లోకం ఒప్పుకుంటోంది. మిషనుకు సస్పెండవుతానన్న భయం లేదు, ఇంటిపేరు చూసి తడబడటం లేదు, ఒక గుమాస్తా పిరికితనం మీద ఎవరి నౌకరీ ఆధారపడి లేదు. అది మంచిదే. కానీ మన చిన్నతనంలో ఏ ఊళ్ళో అడుగుపెట్టినా, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళు ముందు అడిగేది ‘ఎవరి బిడ్డవు? ఎవరింటికొచ్చినవు?’ అనే కదా. నాలుగు పేర్లు చెప్పేసరికి ఎక్కడో ఒక చుట్టరికం కలిసేది, మంచినీళ్ళు వచ్చేవి. ఇప్పుడు సిద్దిపేట సందుల్లో తిరుగుతుంటే ఆ మాట ఎవరూ అడగడం లేదు, అడగవలసిన అవసరమూ ఎవరికీ లేదు. అడగడం లేదని బాధపడే హక్కు నాకుందో లేదో నాకే తెలియదు. అడిగే కాలంలో పుట్టి, నన్ను అడిగిన ఆ ఒక్క రోజున అబద్ధం చెప్పినవాణ్ణి నేను.